నొప్పి మాత్ర ఎక్కడెక్కడికి వెళ్తుంది?

నాట్ల రోజుల్లో సాయంత్రం పూట ఏ మండల కేంద్రంలోనైనా మెడికల్ షాపు ముందు కాసేపు నిలబడితే ఒకే మాట పదే పదే వినిపిస్తుంది: "ఒళ్లు నొప్పులకి రెండు బిళ్లలివ్వు బాబూ." పొద్దుటి నుంచి నడుం వంచి నాటేసిన మనిషి అడిగే మాట అది. వయసెంత, బీపీ ఉందా, షుగరుందా, ఇంకేమైనా మందులు వాడుతున్నావా అని అడిగే తీరిక షాపతనికి ఉండదు. స్ట్రిప్పులోంచి రెండు బిళ్లలు కత్తిరించి, పక్కన ఒక గ్యాస్ మాత్ర పెట్టి, చిన్న కాగితం కవర్లో వేసి ఇస్తాడు. కత్తిరించిన ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది. డాక్టరు చీటీ కావాలని చెప్పే ఎర్ర గీత, గడువు తేదీ, లోపల ఏమేం కలిశాయో చెప్పే సన్నక్షరాలు మిగతా స్ట్రిప్పుతో పాటు షాపులోనే ఉండిపోతాయి.

రాత్రికి నొప్పి తగ్గుతుంది. తెల్లారి మళ్లీ పొలానికి వెళ్లగలుగుతారు. ఆ ఉపశమనం చిన్నదేమీ కాదు, కూలి రోజు దక్కడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. కాబట్టి నొప్పి మాత్రలే వేసుకోవద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ బిళ్లకు నడుం ఎక్కడుందో తెలియదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. నడుం దగ్గర ఏ పని ఆపుతుందో, కడుపులో, మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో కూడా అదే పని ఆపుతుంది. ఈ మందుల మంచీ చెడూ రెండూ అక్కడి నుంచే వస్తాయి.

కండరం శ్రమతో నలిగినా, ముల్లు గుచ్చుకున్నా, పంటికి చీము పట్టినా ఒంట్లో మొదలయ్యే పని దాదాపు ఒకటే. దెబ్బతిన్న కణాల పొరల్లోంచి అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం విడుదలవుతుంది. సైక్లో ఆక్సిజనేజ్ అనే ఎంజైమ్ దాన్ని పట్టుకుని ప్రోస్టాగ్లాండిన్లుగా మారే దారిలో పెడుతుంది. ఈ ఎంజైమ్‌ను డాక్టర్లు పొట్టిగా కాక్స్ అంటారు. ప్రోస్టాగ్లాండిన్లు పుట్టిన చోటే పనిచేసి, కొద్దిసేపట్లోనే విరిగిపోయే పదార్థాలు. ఆ కాసేపట్లోనే రక్తనాళాలను వెడల్పు చేస్తాయి, దాంతో ఆ చోటు ఎర్రబడి వేడెక్కుతుంది. తోటి రసాయనాలతో కలిసి నాళాల్లోంచి ద్రవం చుట్టూ ఊరేలా చేస్తాయి, అదే వాపు. మెదడులో హైపోథాలమస్ దగ్గర ఒంటి వేడిని పెంచమని చెప్పేదీ ఒక ప్రోస్టాగ్లాండినే, అదే జ్వరం.

నొప్పి విషయంలో వాటి పాత్ర ఇంకాస్త సూక్ష్మమైనది. అవి నేరుగా నొప్పి పుట్టించడం కంటే, నొప్పిని మోసే నరాల కొసలను మరీ సున్నితంగా మారుస్తాయి. మామూలప్పుడు పట్టించుకోని ఒత్తిడి కూడా నరానికి నొప్పిగా అందుతుంది. బెణికిన చీలమండ మీద దుప్పటి అంచు తగిలినా ప్రాణం లేచిపోవడం ఇందుకే. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రోక్సెన్, మెఫెనమిక్ ఆమ్లం లాంటి మందులన్నీ కాక్స్‌ను అడ్డుకుని ప్రోస్టాగ్లాండిన్లు తయారుకాకుండా చేస్తాయి. అప్పుడు నరం తన మామూలు స్థితికి వస్తుంది, అంతేకానీ మొద్దుబారదు. నొప్పి మాత్ర వేసుకున్న మనిషికి సూది గుచ్చితే తెలుస్తుంది. పన్ను పీకేముందు డాక్టరు ఇచ్చే మత్తు ఇంజెక్షన్‌కీ దీనికీ తేడా అదే.

ఇంత సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. విల్లో చెట్టు బెరడు పొడి చలిజ్వరాన్ని తగ్గిస్తోందని ఇంగ్లండులో ఎడ్వర్డ్ స్టోన్ అనే మతగురువు 1763లో రాయల్ సొసైటీకి రాశాడు. ఆ బెరడులోని పదార్థానికి దగ్గరి చుట్టమైన ఎసిటైల్ సాలిసిలిక్ ఆమ్లాన్ని 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ శుద్ధంగా తయారుచేశాడు. 1899లో అది ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. కోట్లమంది మింగిన ఆ మాత్ర ఎలా పనిచేస్తుందో మాత్రం 1971 దాకా ఎవరికీ అంతుబట్టలేదు. అది ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని ఆ ఏడాది లండన్‌లో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త చూపించాడు. 1982లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని ఆయన, స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రామ్, సామ్యుయెల్సన్‌లు కలిసి పంచుకున్నారు.

ఆస్పిరిన్‌ది ఈ కుటుంబంలో వేరే పద్ధతి. కాక్స్ ఎంజైమ్ లోపల సన్నని సొరంగం లాంటి దారి ఉంటుంది, అరాకిడోనిక్ ఆమ్లం ఆ దారినే లోపలికి పోవాలి. ఇబుప్రొఫెన్ లాంటివి ఆ దారిలో కాసేపు అడ్డంగా కూర్చుని లేచిపోతాయి. ఆస్పిరిన్ అయితే తనలోని ఎసిటైల్ ముక్కను అక్కడ అతికించేస్తుంది. తాళంచెవి తాళంలోనే విరిగిపోయినట్టు, ఆ ఎంజైమ్ ఇక తెరుచుకోదు. మిగతా కణాలు కొత్త ఎంజైమ్ తయారుచేసుకుంటాయి. కానీ రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకు కేంద్రకం లేదు, కొత్తది చేసుకోలేవు. వారం, పది రోజుల ఆయుష్షు అలాగే గడిపేస్తాయి. గుండెపోటు వచ్చినవాళ్లకు రోజూ 75 మిల్లీగ్రాముల చిన్న ఆస్పిరిన్ ఇచ్చేది ఈ గుణం కోసమే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఇబుప్రొఫెన్ ముందే వేసుకుంటే అది దారిలో కూర్చుని ఆస్పిరిన్‌ను లోపలికి పోనివ్వదు. గుండె కోసం వేసుకున్న మాత్ర ఆ పూటకి వృథా అయిపోవచ్చు. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లు నొప్పి మాత్ర సంగతి తమ డాక్టరుతో మాట్లాడకుండా తేల్చుకోకూడదు.

కాక్స్‌లో రెండు రకాలున్నాయని 1990ల తొలినాళ్లలో తేలింది. కాక్స్-1 ఎప్పుడూ ఉండి రోజువారీ పనులు చూస్తుంది: కడుపు లోపలి పొరను కాపాడే జిగురు, ఆమ్లానికి విరుగుడైన బైకార్బొనేట్, ఆ పొరకు రక్త ప్రసారం, ప్లేట్‌లెట్ల పని. కాక్స్-2 ముఖ్యంగా దెబ్బ తగిలినప్పుడు పుట్టుకొచ్చి వాపు, నొప్పి తెస్తుంది. అయితే కాక్స్-2ను మాత్రమే ఆపే మందు చేస్తే కడుపుకి హాని లేకుండా నొప్పి తగ్గుతుంది కదా? ఆ ఆశతోనే సెలికాక్సిబ్, రోఫెకాక్సిబ్ లాంటివి వచ్చాయి. కడుపు పుండ్లు నిజంగానే తగ్గాయి. కానీ రక్తనాళాల గోడలు గడ్డలు కట్టకుండా చేసుకునే ప్రోస్టాసైక్లిన్ తయారీకి కాక్స్-2 కావాలి. గడ్డకట్టించే వైపు కాక్స్-1 యథావిధిగా పనిచేస్తూ, ఆపే వైపు మాత్రం తగ్గిపోయింది. వయాక్స్ పేరుతో అమ్మిన రోఫెకాక్సిబ్‌ను చాలాకాలం వాడినవాళ్లలో గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగాయని తేలడంతో 2004 సెప్టెంబరు 30న మెర్క్ కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మనదగ్గర అతి మామూలుగా చేతులు మారే డైక్లోఫెనాక్‌కు కూడా కాక్స్-2 వైపు మొగ్గు ఎక్కువ. గుండె జబ్బు ఉన్నవాళ్లు దాన్ని వాడకూడదని ఐరోపా మందుల నియంత్రణ సంస్థ 2013లో స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి తెలిసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

కడుపు సంగతికి వద్దాం. పరగడుపున వేసుకోవద్దని అందరూ చెబుతారు. అన్నం తిన్నాక వేసుకుంటే మంట తగ్గే మాట నిజమే. కానీ అసలు హాని మాత్ర కడుపులో కూర్చోవడం వల్ల మాత్రమే జరగదు. రక్తంలోకి చేరాక కడుపు పొరలోని కాక్స్-1 ఆగిపోవడం వల్లే ఎక్కువగా జరుగుతుంది. కాబట్టి "మాత్ర పడదు, సూది వేయండి" అని ఆర్ఎంపీ దగ్గర నడుంలో డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ చేయించుకున్నా కడుపు తప్పించుకోదు. సూది త్వరగా పనిచేస్తుందేమో కానీ సురక్షితం కాదు, పైగా ఇంజెక్షన్ చేసిన చోట గడ్డ కట్టడం, నరం దెబ్బతినడం లాంటి బెడదలు అదనం. ఈ మందుల వల్ల పడే పుండు చాలాసార్లు నొప్పి కూడా పెట్టదు. తారులా నల్లగా, జిగటగా విరేచనం అవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, కాఫీ పొడి రంగులో వాంతి, ఇవే మొదట కనిపించే గుర్తులు కావచ్చు. అలా అయితే మర్నాటిదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అరవై ఐదేళ్లు దాటినవాళ్లకు, ఇదివరకు అల్సర్ ఉన్నవాళ్లకు, రక్తం పలచబడే మందులో స్టీరాయిడ్లో వాడేవాళ్లకు ఈ ప్రమాదం బాగా ఎక్కువ. వాళ్లకు పాంటొప్రజోల్ లాంటి గ్యాస్ మాత్ర తోడుగా ఇవ్వడంలో అర్థముంది, కడుపు పుండ్లను అది నిజంగా తగ్గిస్తుంది. అయితే మూత్రపిండాలకు, గుండెకు, చిన్నపేగుకు అది ఏ రక్షణా ఇవ్వదు. గ్యాస్ మాత్ర ఉంది కదా అన్న ధైర్యంతో నెలల తరబడి నొప్పి మాత్రలు మింగేవాళ్లు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే చాలా మేలు.

మూత్రపిండాల కథ నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. గుండె పంపే రక్తంలో దాదాపు అయిదో వంతు వాటికే పోతుంది. ఒంట్లో నీరు సరిపడా ఉన్నప్పుడు ప్రోస్టాగ్లాండిన్ల అవసరం అక్కడ పెద్దగా ఉండదు. మే నెల ఎండలో చెమటలు కారేలా పనిచేసి, నీళ్లు తక్కువ తాగిన మనిషి సంగతి వేరు. రక్తం పరిమాణం తగ్గేసరికి శరీరం చాలా రక్తనాళాలను బిగిస్తుంది. ఆ బిగింపులో కూడా మూత్రపిండంలోకి రక్తం తెచ్చే సన్ననాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. సరిగ్గా ఆ పూటే, ఒళ్లు నొప్పులు ఎక్కువగా ఉన్నాయని రెండు బిళ్లలు వేసుకుంటాం. ఆ నాళం కూడా బిగుసుకుంటుంది, వడపోత పడిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మందు ఆపి నీళ్లు తాగితే చాలావరకు కోలుకుంటారు. షుగరు వల్ల, వయసు వల్ల అప్పటికే బలహీనపడ్డ మూత్రపిండాలు అన్నిసార్లూ కోలుకోవు.

బీపీ మాత్రలతో కలిస్తే ఇది ఇంకా పదునెక్కుతుంది. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి వడపోత తర్వాత రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తాయి. మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్ర ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. ఈ రెంటి మీద నొప్పి మాత్ర లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడే మిగలదు. టెల్మిసార్టాన్‌నూ మూత్రం పోయించే మందునూ కలిపి ఒకే బిళ్లగా వాడేవాళ్లు మన ఇళ్లలో ఎందరో ఉన్నారు. తమ కవర్లో ఇప్పటికే రెండు మందులున్నాయని, మూడోది జతచేస్తే ముప్పని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. పైగా ఈ నొప్పి మాత్రలు ఉప్పును ఒంట్లో నిలబెట్టి బీపీని పెంచుతాయి కూడా. మందులు సరిగ్గా వాడుతున్నా బీపీ అదుపులోకి రాకపోతే, మోకాళ్ల నొప్పులకు ఏం వాడుతున్నారని డాక్టర్లు అడిగేది అందుకే.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల ఊళ్లలో, ఇంటింటా కనిపించే మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. తాగే నీరు, పురుగుమందులు, ఎండలో పని, ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, ఇలా అనుమానాలు చాలా ఉన్నాయి. నొప్పి మాత్రలే మూలమని ఎవరూ రుజువు చేయలేదు, అలా అనడం సరికాదు. కానీ మూత్రపిండాలు సరిగ్గా వడకట్టక రక్తంలో క్రియాటినిన్ ఇప్పటికే పెరిగిన మనిషికి అక్కడైనా ఎక్కడైనా ఈ బిళ్లలు చేసే హాని మాత్రం రుజువైనదే.

ఈ మందుల్లో ఒకటి మూత్రపిండాన్ని ఏం చేయగలదో మన ఆకాశమే చూపించింది. 1990ల్లో భారత ఉపఖండమంతటా రాబందులు రాలిపోయాయి. తెల్లవీపు రాబందులు పదిహేనేళ్లలో 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. చనిపోయిన పక్షులను కోసి చూస్తే గుండె, కాలేయాల మీద తెల్లని యూరిక్ ఆమ్లం పూతలా పేరుకుని ఉంది, అంటే మూత్రపిండాలు పనిచేయడం మానేశాయన్నమాట. కారణం డైక్లోఫెనాక్ అని శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్ బృందం 2004లో తేల్చింది. నొప్పులకు ఆ సూది చేయించుకున్న పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుకు ఆ కొద్ది మందే విషమైంది. మన ఒంట్లో డైక్లోఫెనాక్ రెండు గంటల్లో సగానికి తగ్గిపోతుంది, రాబందు దాన్ని అంత త్వరగా వదిలించుకోలేదు. పశువులకు దాని వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. మనుషుల కోసం చేసిన పెద్ద సీసాలను పశువులకు మళ్లిస్తున్నారని 2015లో ఆ సీసాలనూ ఆపి, ఒక్క డోసు పట్టే 3 మిల్లీలీటర్లకే పరిమితం చేసింది. అదే కుటుంబానికి చెందిన మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని తేలింది. పశువైద్యులు దాన్ని వాడాలి, పాడి రైతులు దాన్నే అడగాలి.

ఇక పారాసిటమాల్. దీన్ని ఈ కుటుంబంలో కలపకూడదు. జ్వరాన్నీ నొప్పినీ తగ్గిస్తుంది కానీ వాపు మీద దీని ప్రభావం చాలా తక్కువ. కడుపు పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల బెడద దీంతో చాలా అరుదు. అందుకే మామూలు నొప్పికి మొదట దీన్నే వాడమంటారు. డెంగీ రోజుల్లో అయితే ఇదొక్కటే దిక్కు. జ్వరం డెంగీ కాదని తేలేదాకా ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ జోలికి పోకూడదు. ప్లేట్‌లెట్లు పడిపోతున్న ఒంట్లో మిగిలినవాటి పని కూడా ఆపితే రక్తస్రావం అయ్యే ప్రమాదముంది.

పారాసిటమాల్ ప్రమాదమంతా మోతాదులోనే ఉంది. ఆరోగ్యవంతులైన పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠం. బక్కపలచగా ఉన్నవాళ్లకు, రోజూ మద్యం తాగేవాళ్లకు, కాలేయ జబ్బున్నవాళ్లకు అంతకంటే తక్కువే. దీంట్లో కొంత భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటథయోన్ అనే పదార్థం దాన్ని వెంటనే విరిచేస్తుంది. మోతాదు మించితే గ్లూటథయోన్ అయిపోయి, ఆ విషం కాలేయ కణాలనే చంపుతుంది. మించిపోవడం ఎంత సులువో చూడండి. జ్వరానికి 650 బిళ్లలు రోజుకు నాలుగు: 2,600 మిల్లీగ్రాములు. మోకాళ్లకు ఎప్పటినుంచో వాడే ఎసిక్లోఫెనాక్-పారాసిటమాల్ మాత్రలు రెండు, ఒక్కోదాంట్లో 325: మరో 650. జలుబు మాత్ర మూడు పూటలా, ఒక్కోదాంట్లో 500: ఇంకో 1,500. మొత్తం 4,750. మూడు వేర్వేరు మందులు వాడుతున్నానని మనిషి అనుకుంటాడు. మొదటి రోజు వికారం తప్ప ఏమీ తెలియదు, కాలేయం దెబ్బతిన్న సంగతి రెండు మూడు రోజులకు బయటపడుతుంది. దీనికి ఎసిటైల్ సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎనిమిది గంటల్లోపు ఇస్తే చాలా బాగా పనిచేస్తుంది. అందుకే ఎక్కువ మింగారని తెలిసిన క్షణమే బయల్దేరాలి, లక్షణాల కోసం చూడకూడదు.

పిల్లల విషయంలో చెంచా కొలతను నమ్మకండి. పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే, సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 125 ఒకదాంట్లో, 250 ఇంకోదాంట్లో ఉంటాయి. 125 సిరప్ తాగించిన కొలతలోనే చుక్కల మందు తాగిస్తే నాలుగింతలు పోసినట్టు. మోతాదు పిల్లల బరువును బట్టి డాక్టరు లెక్కకట్టాలి. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదని 2011లోనే మనదేశం నిషేధించింది. ఇంట్లో పాత సీసా ఏదైనా ఉంటే పారబోయండి. గర్భిణులు ఇరవయ్యో వారం దాటాక డాక్టరు చెప్పకుండా ఇబుప్రొఫెన్ కుటుంబంలోని ఏ మందూ వేసుకోకూడదు. బిడ్డ మూత్రపిండాల పని తగ్గి ఉమ్మనీరు పడిపోవచ్చు. నెలలు నిండే కొద్దీ బిడ్డ గుండె దగ్గర తెరిచి ఉండాల్సిన రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది.

ఎక్కువమంది పెద్దగా లెక్కచేయని మందొకటుంది, డైక్లోఫెనాక్ జెల్. ఒక మోకాలో, చేతివేళ్లో నొప్పి పెడుతుంటే దాన్ని రాసుకోవడం మంచి పద్ధతి. రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా కొద్ది, కీలు దగ్గర మాత్రం పనిచేస్తుంది. రాసి పది నిమిషాలకే తేడా చూడకుండా, కొన్ని రోజులు క్రమంగా రాయాలి. షుగరు వల్ల అరికాళ్లు మండడం, నడుం నుంచి కాలిలోకి కరెంటు షాకులా లాగడం మాత్రం నరానికే వచ్చిన నొప్పులు, ప్రోస్టాగ్లాండిన్ల పని కాదు. వాటికి ఈ బిళ్లలు ఎన్ని మింగినా పెద్దగా ఫలితం ఉండదు. ఆ నొప్పులకు వేరే మందులున్నాయి.

కీళ్లవాతానికి పేరులేని పొట్లాలు అమ్మేవాళ్ల దగ్గర మరీ జాగ్రత్త. ఏళ్ల నొప్పి రెండు రోజుల్లో మాయమై, ఆకలి పెరిగి, ముఖం గుండ్రంగా ఉబ్బితే ఆ పొడిలో స్టీరాయిడ్ కలిపి ఉండొచ్చని అనుమానించాలి. స్టీరాయిడ్లు కాక్స్ కంటే పైమెట్టులోనే, అరాకిడోనిక్ ఆమ్లం విడుదలకే అడ్డుపడతాయి. డాక్టరు చేతిలో అవి ప్రాణాలు నిలిపే మందులు. తెలియకుండా నెలల తరబడి తింటే ఎముకలు గుల్లబారతాయి, షుగరు పెరుగుతుంది. అలాగని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే, ఎందుకంటే ఒళ్లు తన సొంత స్టీరాయిడ్ తయారీని అప్పటికే తగ్గించేసి ఉంటుంది. ఆ పొట్లాన్ని పట్టుకునే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్ల కణుపులు గంటసేపు బిగుసుకుపోయి, వారాల తరబడి వాపు ఉంటే అది శ్రమ నొప్పి కాదు, రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. నొప్పి మాత్ర అక్కడ బాధను తగ్గిస్తుందే కానీ కీలు అరిగిపోవడాన్ని ఆపదు. ఆపగల మందుల్లో మొదటిది మెథోట్రెక్సేట్. అది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు నాయకత్వం వహించిన రోజుల్లో, క్యాన్సర్ కోసం తయారైన మందు. చిన్న మోతాదులో అది కీళ్లను కాపాడుతుందని తర్వాత తేలింది. దాన్ని వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకున్నవాళ్లు ఎముక మూలుగ దెబ్బతిని ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. కాబట్టి వారంలో ఏ రోజు వేసుకోవాలో డాక్టరు చేత చీటీ మీద తెలుగులో రాయించుకుని, ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచాలి.